వెనక్కి రెండడుగులు

మా బావ కాళ్లు మొద్దుబారుతున్నాయన్న సంగతి ముందుగా మా వీధిలో మగవాళ్ల చెంపల మీద బయటపడింది.

బావది సెలూన్. ఒకటే కుర్చీ, దాని ఎదురుగా గోడంత అద్దం, మూలన సింకు, వెనక గోడకి ఆనించి పొడవాటి బెంచీ. పక్క గదిలో నా ఇస్త్రీ షాపు. మధ్య గోడ కప్పు దాకా లేదు కాబట్టి అక్కడ ఎవరు దగ్గినా ఇక్కడ నాకు వినిపిస్తుంది. జుట్టు కత్తిరించడం అయిపోయాక బావ కత్తెర చేతిలోనే ఉంచుకుని వెనక్కి రెండడుగులు వేసేవాడు. ఒక కన్ను చిట్లించి, కుడి ఎడమలు సమంగా ఉన్నాయా లేదా అని చూసేవాడు. దగ్గరి నుంచి చూస్తే ప్రతి తలా బాగానే ఉంటుందనీ, తప్పు దూరానికే కనిపిస్తుందనీ అతని వాదన. ఆ రెండడుగులు వేయడం ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు. ఒక చెంప మీద జుట్టు చెవి తమ్మె దాకా ఉంటే, రెండో చెంప మీద చెవి మధ్యకే ఆగిపోయేది. బ్యాంకు గుమస్తా, పాల డిపో ఆయన, స్కూటర్ మెకానిక్కు, అందరూ ఒక పక్కకి ఒరిగిన పటాల్లా తిరిగేవారు. నేను అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాను. నాది బట్టతల. ఆ కుర్చీతో నాకు పని తప్పి చాలా ఏళ్లయింది కాబట్టి ఇలాంటి వాటిలో నా అభిప్రాయం ఎవరూ అడగరు.

తర్వాత చెప్పు సంగతి. ఒక సాయంత్రం షాపులు కట్టేసి ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి వచ్చాం. గుమ్మంలో నిలబడ్డ మా అక్క బావ కాళ్ల వైపు చూసింది.

"రెండో చెప్పేదండీ?"

బావ కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు లేదు. నేను వెనక్కి వెళ్లి వెతికితే కూరగాయల బండి దగ్గర దొరికింది. అంటే సగం దారి ఒంటి చెప్పుతోనే నడిచాడన్నమాట.

"మాటల్లో పడి చూసుకోలేదు" అన్నాడు.

"మాట్లాడింది నోరు కదా బావా, కాళ్లకేమైంది?" అన్నాను. ఇంటి అల్లుడిని పట్టుకుని ఏం మాటలవి అని అక్క నన్ను కసిరింది. మా ఇంట్లో న్యాయం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

బావకి షుగర్ వచ్చి చాలా కాలమైంది. మాత్రలు వేసుకునేవాడు, అదీ అక్క చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడితే. మొదట్లో రాత్రిళ్లు అరికాళ్లు మండేవి. తర్వాత సూదులు గుచ్చినట్టుండేది. రోజంతా నిలబడి చేసే పని, కాళ్లు నొప్పి పుట్టక ఏం చేస్తాయి అని దులిపేసుకునేవాడు. ఆ మంట కాస్తా తగ్గిపోయినప్పుడు సంతోషించాడు కూడా. మందు పనిచేస్తోందన్నాడు. కాళ్లు అసలు కబురు పంపడమే మానేశాయన్న అనుమానం అతనికి రాలేదు. నిజం చెప్పాలంటే మాకెవరికీ రాలేదు.

అతను ఈ పనిలోకి చిన్నతనంలోనే వచ్చాడు. కుర్చీలో మనిషి తల అందక పీట మీద నిలబడి నేర్చుకున్నాడు. నేర్పింది మేనమామ. ఆయన దగ్గర కత్తెర కంటే ముందు చెయ్యి పెట్టడం నేర్చుకోవాలట. ఎడమ చేతి వేళ్లు కూర్చున్నవాడి తల మీద ఆనాలి, అటూ ఇటూ తిప్పేటప్పుడు అవి లేవకూడదు. చెయ్యి లేస్తే తల కదులుతుంది, తల కదిలితే కత్తి దారి తప్పుతుంది. ఇంకో పాఠం కూడా ఉంది. కత్తి పట్టుకున్నవాడు పడాల్సి వస్తే కత్తి గోడ వైపు పోవాలి, మనిషి నేల వైపు పోవాలి. నాకు మొదటిసారి మీసం తీసింది కూడా బావే. అప్పటికింకా అక్కతో అతనికి పెళ్లై కొత్త. నా పెదవి మీద ఉన్నది మీసమేనా అని భూతద్దం తెమ్మన్నాడు. ఆ పూట నుంచి అతనంటే నాకు ప్రాణం. పైకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

ఆ రెండో పాఠం ఒక మధ్యాహ్నం అక్కరకొచ్చింది. బయట వాన. జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగానికి దించారు. కుర్చీలో డ్రాయింగు మాస్టారు. ఆయన బడిలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. గెడ్డం తనంతట తాను గీసుకోవడం ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. సగం ముఖం నున్నగా, సగం ముఖం నురగతో ఉంది. బావ కత్తి కడగడానికి సింకు దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగాడు. అప్పుడే కరెంటు పోయింది.

నాకు వినిపించింది కత్తి గోడకి తగిలిన చప్పుడు. వెంటనే బరువైనదేదో కింద పడ్డ చప్పుడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి బావ నేల మీద ఒక పక్కకి పడి ఉన్నాడు. డ్రాయింగు మాస్టారు నురగ ముఖంతోనే కిందికి దిగి అతని భుజాలు పట్టుకుని ఉన్నారు.

"తడి ఉంది, జారాను" అన్నాడు బావ. నేను నేల తడిమి చూశాను. పొడిగా ఉంది.

మణికట్టు వాచింది, తుంటి కమిలింది, ఎముకలు విరగలేదు. ఆసుపత్రిలో డాక్టరు మణికట్టుకి కట్టు కట్టించి, షుగర్ ఎన్నాళ్ల నుంచి అని అడిగి, చెప్పులు విప్పమన్నాడు. చేపల గాలానికి కట్టే దారంలాంటి సన్నని తీగతో అరికాలి మీద అక్కడక్కడ తాకాడు. తెలుస్తోందా అంటే బావ తెలుస్తోంది, తెలుస్తోంది అని టకటకా జవాబు చెప్పాడు. డాక్టరు కాసేపు చూసి కళ్లు మూసుకోమన్నాడు. ఆ తర్వాత ఆ గదిలో తెలుస్తోంది అన్న మాట వినబడలేదు. తాకుతున్నారా లేదా అని చివరికి బావే అడిగాడు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నాయనీ, మాత్రలతో పాటు నిలకడ కోసం వ్యాయామాలు నేర్చుకోవాలనీ చెప్పి డాక్టరు మమ్మల్ని కింది అంతస్తుకి పంపాడు.

అక్కడ ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది. సన్నగా, గట్టి గొంతుతో, ఎవరి మాటకీ జంకని మనిషి. బావని నిలబెట్టి, పాదాలు దగ్గరికి చేర్పించి, తాను పక్కనే చేతులు చాచుకుని నిలబడి, కళ్లు మూసుకోమంది. బావ కొట్టేసిన కొమ్మలా ఆమె చేతుల్లోకి వచ్చి పడ్డాడు.

"మనం నిలబడటానికి మూడు ఆధారాలుంటాయి అంకుల్" అందామె. "కళ్లు ఒకటి. చెవి లోపల ఉండే చిన్న అమరిక ఒకటి. కాళ్లు పంపే కబురు ఒకటి. మీకు కాళ్ల నుంచి కబురు సరిగా రావట్లేదు. భారమంతా కళ్ల మీద వేసి లాక్కొస్తున్నారు. కరెంటు పోగానే అదీ పోయింది."

"మళ్లీ వస్తుందా అమ్మా, ఆ కబురు?"

"పోయిన స్పర్శ తెచ్చిపెడతానని నేను చెప్పను. మిగిలినదాంతో ఎలా నిలబడాలో నేర్పిస్తాను. చీలమండలకీ తుంటికీ బలం వస్తే తూలినప్పుడు అవే పట్టుకుంటాయి. షుగర్ అదుపులో పెట్టుకోవడం మాత్రం మీ పని."

ఆమె చెప్పింది వినడానికి తేలిగ్గానే ఉంది. బరువైన కుర్చీ వెనక నిలబడి వీపు పట్టుకోవాలి. మడమలు లేపాలి, దించాలి. తర్వాత కాలివేళ్లు లేపాలి. ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడాలి. ఒంటికాలి మీద నిలబడాలి. చేతులు వాడకుండా కూర్చుని లేవాలి. ముందు రెండు చేతులతో పట్టుకోవాలి, కుదిరాక ఒక చేత్తో, ఆ తర్వాత వేలి కొసలతో, చివరికి అసలు పట్టుకోకుండా. పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఉత్త కాళ్లతో చెయ్యకూడదు. అయ్యాక అరికాళ్లు చూసుకోవాలి, ఎందుకంటే మేకు దిగినా ఇప్పుడు ఆ కాళ్లు చెప్పవు.

"నిలబడటం నాకు నేర్పుతుందట!" అన్నాడు బావ, మెట్లెక్కి బయటికొస్తూ. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నిలబడే బతుకుతున్నాను. రోజంతా నిలబడతాను, కుర్చీ దగ్గర ఎప్పుడైనా పడ్డానా? ఒరేయ్ నువ్వు చెప్పు, పడ్డానా?"

నిజమే, కుర్చీ దగ్గర ఎప్పుడూ పడలేదు.

మణికట్టు మానేదాకా షాపు మూసేశారు. బావ వ్యాయామాలు మొదలుపెట్టాడు. అతని మీద నాకెన్ని ఫిర్యాదులున్నా, పట్టుకున్న పనిని వదిలే మనిషి మాత్రం కాదు. పొద్దున్నే బూట్లు వేసుకుని, వంటింట్లో కుర్చీ వేయించుకుని, దాని వెనక నిలబడేవాడు. అక్కకి ఇదేదో దండగ కాలక్షేపంగా తోచింది. పక్కన మనిషి ఉండాలన్నారు కాబట్టి ఉండాలి, ఉత్తినే నిలబడి చూడటం ఆమె వల్ల కాదు. ఆ కుర్చీలోనే కూర్చుని బీన్స్ ఈనెలు తీసుకోవడం మొదలుపెట్టింది. మనిషి పక్కన ఉన్నట్టూ అయింది, కూర పనీ అయింది.

కొద్ది రోజుల్లోనే బావ కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. నన్ను పిలిచి మరీ చూపించాడు. కుర్చీ వీపు పట్టుకోకుండా! మడమలెత్తి నిలబడ్డాడు, పాదం ముందు పాదం పెట్టి నిలబడ్డాడు. అక్క తలెత్తకుండా బీన్స్ తుంచుతోంది. నేను చప్పట్లు కొట్టాను. అరికాళ్లు చూసుకోవడానికి కూడా అతనికి మంచి ఉపాయం దొరికింది. జుట్టు కత్తిరించాక మెడ వెనక భాగం చూపించే చేతి అద్దం ఉంటుంది కదా, దాన్ని నేల మీద పెట్టి పాదం దాని మీదుగా ఎత్తి చూసుకునేవాడు. వెనక ఎలా ఉందండీ, ఇంకొంచెం తియ్యమంటారా అని తన పాదాన్నే మర్యాదగా అడిగేవాడు. ఇల్లంతా నవ్వులు.

మళ్లీ చూపించుకోవడానికి ముగ్గురం వెళ్లాం. ఫిజియో అమ్మాయి ఖాళీ కుర్చీ ఒకటి ముందు పెట్టింది. బావ ఠీవిగా దాని వెనక నిలబడి, చొక్కా సర్దుకుని, కాలు ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే తూలాడు. ఆమె పట్టుకుంది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ తూలాడు. బావ ముఖం కందగడ్డలా అయింది. ఇంట్లో బాగా వస్తోందమ్మా, కావాలంటే మా బావమరిదిని అడుగు అన్నాడు. నేను గట్టిగా తలూపాను.

ఆమె నా వైపు చూడలేదు. బావ ఎడమ చేతి వైపు చూస్తోంది. ఆ చెయ్యి కుర్చీ వీపుకి జానెడు పైన, గాల్లో, దేన్నో తడుముకుంటున్నట్టు ఆడుతోంది.

"అంకుల్, ఇంట్లో ఈ చెయ్యి ఎక్కడ పెడుతున్నారు?"

బావకి ప్రశ్న అర్థం కాలేదు. చెయ్యి ఎక్కడ పెట్టడమేంటి, ఉండే చోటే ఉంటుంది కదా అన్నట్టు చూశాడు. అక్కకి అర్థమైంది. లేచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. బావ చెయ్యి దానంతట అదే ఆమె తల మీదికి వచ్చి ఆగింది. కాలు ఎత్తాడు. గోడకి కొట్టిన మేకులా నిలబడ్డాడు.

"ఆంటీ, మీకు ఈ మధ్య మెడ నొప్పి ఏమైనా ఉందా?"

"ఉందమ్మా. దిండు ఎత్తుగా ఉందేమో అని మార్చాను కూడా."

"దిండు కాదాంటీ. ఆయన ఎటు వాలితే అటు మీ మెడ ఆపుతోంది. మీకే తెలియకుండా." ఆమె బావ వైపు తిరిగింది. "నేను కుర్చీ పట్టుకోమన్నాను, మనిషిని కాదు. కుర్చీ కదలదు కాబట్టి మీరు ఎంత వాలుతున్నారో మీకే తెలుస్తుంది, తర్వాత వదిలేయొచ్చు. మనిషి తల అలా కాదు, మిమ్మల్ని మోస్తుంది. షాపులో కూడా చెయ్యి ఎప్పుడూ ఎవరో ఒకరి తల మీదే ఉంటుందిగా? అందుకే కుర్చీ దగ్గర పడలేదు. సింకు దాకా ఒక్కరే వెళ్లినప్పుడు పడ్డారు."

ఇన్నాళ్లలో ఏ రోగీ తనకి ఈ పొరపాటు చేసి చూపించలేదని కూడా అంది. మెచ్చుకుందో తిట్టిందో నాకు తేలలేదు. బావ మాత్రం చెయ్యి తీసేసి వెనక్కి దాచుకున్నాడు.

ఇంటి గుమ్మం దాటగానే అక్క అందుకుంది.

"అయితే ఇన్నాళ్లూ జనం నెత్తుల మీద ఆనుకుని కత్తి తిప్పారన్నమాట. చాలు. షాపు అద్దెకిచ్చేద్దాం. సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నాడు."

"కత్తెర పని చేసుకుంటానే. కత్తి పట్టను."

"కత్తి పట్టకుండా మీరు ఉండగలరా? మాస్టారు వచ్చి కూర్చుంటే కాదనగలరా? ఎవరి గొంతైనా తెగితే? నాకు ఆ భయంతో నిద్ర పట్టట్లేదండీ."

అక్క ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. బావ గోడ వైపు చూస్తూ ఒక మాట అన్నాడు. ఆ అమ్మాయి కత్తి పట్టొచ్చు అనేదాకా షాపు తెరవను. ఎప్పటికీ అనకపోతే తాళం చెవి నీ చేతికే ఇస్తాను. అక్క ముక్కు తుడుచుకుని సరేనంది. గోడకి అవతల అతను లేకపోతే ఇవతల నేను ఇస్త్రీ పెట్టెతో మాట్లాడుకోవాలి.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు నవ్వులేమీ లేవు. ఖాళీ కుర్చీ. అక్క పక్కన, చేతులు సిద్ధంగా పెట్టుకుని, బీన్స్ లేకుండా. బావ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని మళ్లీ ఓనమాల దగ్గరికి వెళ్లాడు. ఒక చెయ్యి వదలగానే ఆ చెయ్యి పైకి లేచి తల కోసం వెతికేది. జేబులో పెట్టుకుంటే జేబు చిరిగేలా గుంజేది. పుట్టినప్పటి నుంచి ఉన్నట్టు పట్టుకుంది దానికా అలవాటు. చివరికి చేతులు రెండూ గుండెల మీద కట్టుకోవడం నేర్చుకున్నాడు. చాలా రోజులు పొద్దున్నే అరికాళ్ల వైపు చూసి, మీరు నావేనా, ఎవరి కాళ్లతోనైనా మారిపోయారా అని తిట్టుకునేవాడు. ఒకరోజు పాదం ముందు పాదం పెట్టి గోడ వెంట నడుస్తూ గోడకే మోచెయ్యి కొట్టుకుని, ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మళ్లీ గోడ దగ్గరికే వెళ్లాడు.

షుగర్ కూడా అదుపులోకి వచ్చింది. మాత్రలు అక్క చేతిలో పెట్టకముందే వేసుకోవడం మొదలైంది. చెప్పులు పోయి, పట్టీతో బిగించే బూట్లు వచ్చాయి. గిరుక్కున తిరగడం మానేసి, చిన్న చిన్న అడుగులతో తిరగడం నేర్చుకున్నాడు. తలని అటూ ఇటూ తిప్పుతూ నడవడం నేర్చుకున్నాడు. మడతపెట్టిన దుప్పటి మీద నిలబడటం, అక్క చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకోవడం, తర్వాత ఆ చెయ్యి వదిలి మూసుకోవడం. స్పర్శ తిరిగి రాలేదు. ఆ తీగ ఇప్పటికీ అతని అరికాలికి తెలియదు. కానీ తూలినప్పుడు చీలమండ గబుక్కున సర్దుకోవడం నేను నా కళ్లతో చూశాను. పిల్లవాడు నడక నేర్చుకున్నంత మెల్లగా, అంత మొండిగా సాగింది అదంతా.

ఈలోగా నా షాపు విచారణ కేంద్రం అయిపోయింది. ఇస్త్రీ బట్టలు ఇచ్చేవాళ్లు తగ్గారు, ఎప్పుడు తెరుస్తాడు అని అడిగేవాళ్లు పెరిగారు. వేరే సెలూన్లు లేక కాదు. వీధి చివర ఏసీ పెట్టినదే ఒకటుంది. కొందరు అక్కడికి వెళ్లొచ్చి నన్ను తప్పించుకుని తిరిగారు. డ్రాయింగు మాస్టారు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. గెడ్డం ఛాతీ మీదికి దిగింది. ఆయన భార్య నాతో పోట్లాడింది, ఆ గెడ్డం నేనే పెంచుతున్నట్టు.

చివరికి ఫిజియో అమ్మాయి పరీక్ష పెట్టింది. మెత్తటి దిమ్మ మీద నిలబెట్టింది, నడిపించింది, వెనక్కి నడిపించింది, పిలిచి తల తిప్పించింది. తర్వాత తాను పక్కన నిలబడి, నన్ను లైటు ఆర్పమంది. నేను స్విచ్చి నొక్కాను. చీకట్లో బావ ఊపిరి వినిపించింది, బూటు అడుగు రబ్బరు కిర్రుమంది. లైటు వేసేసరికి అక్కడే నిలబడి ఉన్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"కత్తి పట్టొచ్చు" అందామె. "బూట్లు మానకూడదు, వ్యాయామం మానకూడదు, షాపులో బ్యాటరీ లైటు పెట్టించాలి. అలసట అనిపిస్తే కూర్చోవాలి. నామోషీ పడకూడదు."

బావ ఆమెకి చేతులెత్తి దండం పెట్టాడు. అక్క పెట్టలేదు. బయటికొచ్చాక, "ఆ పిల్లకేం, తనకి గెడ్డం లేదుగా" అంది. మాట ఇచ్చింది కాబట్టి షాపు తెరవనిస్తుందట. తెరిచిన రోజు మాత్రం తానూ వచ్చి కూర్చుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్లార్పకుండా చూస్తుంది. ఒక్కసారి తూలినట్టు కనబడినా షట్టర్ తన చేత్తోనే దించుతుంది. అక్క ఒక మాట అందంటే దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

అన్నట్టే వచ్చింది. మంచినీళ్ల సీసా, భోజనం డబ్బా, అల్లిక సంచి. బెంచీ చివర కూర్చుంది. పక్కన బ్యాంకు గుమస్తా, పాల డిపో ఆయన, మెకానిక్కు, అందరూ తగుమాత్రంగా జుట్లు పెంచుకుని ఒద్దికగా సర్దుకున్నారు. ఆడమనిషి బెంచీ మీద ఉండేసరికి రాజకీయాలు ఆగిపోయాయి. నేను ఇస్త్రీ పెట్టె ఆర్పేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. మొదటి వంతు డ్రాయింగు మాస్టారిదేనని ఎవరూ చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నారు.

బావ ముందు కత్తెరతో గెడ్డం తగ్గించాడు. నురగ పట్టించాడు. సింకు దాకా వెళ్లాడు, చిన్న చిన్న అడుగులతో తిరిగాడు, వచ్చాడు. కొత్త బ్లేడు వేసిన కత్తి తెరిచాడు. అక్క అల్లిక సూదులు ఆగిపోయాయి. బావ ఎడమ చెయ్యి మాస్టారి తల మీదికి వెళ్లింది, రెండు వేళ్లు ఆనాయి, అంతే. ఒక చెంప గీశాడు. వెనక్కి రెండడుగులు వేసి, కన్ను చిట్లించి చూశాడు. మళ్లీ దగ్గరికి వచ్చి రెండో వైపు తల తిప్పబోయాడు. తల తిరగలేదు.

"మాస్టారూ, మెడ వదలండి. ఎందుకలా బిగబట్టారు?"

"అలవాటైపోయిందోయ్" అన్నారు మాస్టారు, నురగ లోంచి.

"ఏం అలవాటు?"

మాస్టారు అద్దంలో బెంచీ వైపు చూశారు. బెంచీ మీద వాళ్లంతా ఒక్కసారిగా పాత పేపర్లు తెరిచారు.

"ఏడాది పైగా నీ చెయ్యి బరువెక్కిందయ్యా. నువ్వు ఎడమ పక్కన ఉంటే ఇటు బిగించాలి, కుడి పక్కకి వస్తే అటు. మాకందరికీ తెలుసు. కొత్తగా ఎవరైనా వస్తే బెంచీ మీదే చెప్పి కూర్చోబెట్టేవాళ్లం."

బావ కత్తి కిందికి దించాడు. అతని ముఖం అద్దంలో నాకు కనిపించింది. అంతమంది మీద ఆనుకుని నిలబడ్డానన్న సిగ్గు, దాని కింద ఇంకేదో, కళ్లలో నీళ్లు తెప్పించేది. నాకూ తెప్పించింది.

"మరి ఒక్కరైనా నాతో చెప్పలేదేం మాస్టారూ?"

"చెబితే చెయ్యి తీసేసేవాడివి. తీస్తే పడిపోయేవాడివి."

పేపరు వెనక మెకానిక్కు తన మెడ రుద్దుకున్నాడు. అక్క ఆ బెంచీ మీద వాళ్లని ఒక్కొక్కరినీ వరసగా చూసింది. అల్లిక సంచిలో పెట్టుకుంది, డబ్బా తీసి బావ పక్కన అద్దం కింది బల్ల మీద పెట్టింది.

"టైముకి తినండి. సాయంత్రం తాళం వేసుకుని రండి" అని నా పక్క నుంచి బయటికి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

బావ కత్తి మళ్లీ పైకెత్తాడు.

"ఇక వదిలెయ్యండి మాస్టారూ. పడను."

"సరే" అన్నారు మాస్టారు. అన్నారే గానీ, ఆ మెడ వదులు కావడానికి చాలాసేపు పట్టింది.